పేరు మనది, అప్పు ఎవరిదో

ఆన్‌లైన్ దొంగ అనగానే చీకటి గదిలో కూర్చుని పాస్‌వర్డ్‌లు ఛేదించే కుర్రాడు గుర్తొస్తాడు చాలామందికి. సినిమాల పుణ్యం. మన ఊళ్లలో జరిగే గుర్తింపు చోరీకి అంత చదువు అక్కర్లేదు. కావలసినవన్నీ మనమే ఇచ్చి వచ్చాం: జిరాక్స్ షాపులో, లాడ్జి కౌంటర్లో, రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్‌లు అమ్మేవాడి దగ్గర. ఇచ్చిన కాగితాలు వెనక్కి రావు. అందుకే ‘వివరాలు దాచుకోండి’ అనే పాత సలహా మీద నాకు పెద్దగా గురి లేదు. వేయగలిగిన తాళం వేసుకోవడం, మన పేరు మీద ఎవరేం చేస్తున్నారో అప్పుడప్పుడూ చూసుకోవడం, పనికొచ్చేవి ఈ రెండే. ఈ రెండింటికీ అడ్డుపడే నమ్మకాలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: నా ఖాతాలో ఏముంది గనక, నా వివరాలతో ఎవరికేం పని?

దొంగకు కావలసింది మీ డబ్బు కాకపోవచ్చు, మీ పేరు. మచ్చ లేని పాన్ నంబరు ఉంటే దాని మీద యాప్‌లో అప్పు తీసుకోవచ్చు. ఎగ్గొట్టాక బ్యాంకులు వెతికేది మిమ్మల్ని. నటి సన్నీ లియోనీ తన పాన్ మీద ఎవరో 2 వేల రూపాయల అప్పు తీసుకున్నారని 2022 ఫిబ్రవరిలో ట్విటర్‌లో వాపోయారు. అంత పేరున్న మనిషి పాన్‌నే వదలనివాళ్లు మనల్ని వదులుతారా! రోజు కూలీకి వెళ్లేవాళ్ల పాన్‌తో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని, కోట్ల టర్నోవర్ చూపించి మాయమైనవాళ్లూ ఉన్నారు. ఆ కూలీకి సంగతి తెలిసేది నోటీసు ఇంటికొచ్చినప్పుడే.

చూసుకునే దారులు ఉన్నాయి, పైసా ఖర్చు లేనివే. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అని మన దేశంలో నాలుగు క్రెడిట్ సంస్థలు ఉన్నాయి. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ వాటిని ఆదేశించింది. నాలుగింటినీ ఒకేసారి చూడకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. మీది కాని అప్పు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. జీఎస్టీ పోర్టల్లో పాన్ కొట్టి వెతికితే దాని మీద ఉన్న రిజిస్ట్రేషన్లన్నీ కనిపిస్తాయి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో తెలుస్తుంది. ఈ సౌకర్యాన్ని 2021లో మొదట తెచ్చింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల కోసమే అయినా, దాని పేరు విననివాళ్లు మనలోనూ ఉన్నారు.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే చాలు, డబ్బు భద్రం.

ఓటీపీ చెప్పకూడదు, నిజమే. కానీ ఓటీపీ అడగని దారి ఒకటుంది. ఊళ్లో బ్యాంక్ మిత్ర దగ్గర చిన్న మెషీన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకుంటారు కదా, అదే ఏఈపీఎస్. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, కార్డుతో పని లేదు, పిన్‌తో పని లేదు. ఒక్కో విడతకు 10 వేల దాకా తీసుకోవచ్చు. ముసలివాళ్లకు, బ్యాంకు లేని పల్లెలకు ఇది నిజంగా పెద్ద ఆసరా. చిక్కల్లా వేలిముద్రతోనే.

నా వేలు నా దగ్గరే ఉంది కదా అంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ వ్యవహారం వినండి. సిమ్‌లు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు డౌన్‌లోడ్ చేశాడు. పొలం కొన్నా అమ్మినా దస్తావేజు మీద వేలిముద్ర వేస్తాం, ఆధార్ నంబరూ అప్పట్లో అందులోనే ఉండేది. తాళంచెవీ ఇంటి అడ్రసూ ఒకే కవర్లో పెట్టి గుమ్మం బయట వదిలినట్టు! అతను ఆ ముద్రలను రబ్బరు స్టాంపులు చేసే మెషీన్‌తో అచ్చు తీసి, స్కానర్ మీద పెట్టి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఇంతా చేసింది దేనికయ్యా అంటే అమ్మకాల టార్గెట్ కోసం. తర్వాతి ఏళ్లలో వేరే ముఠాలు ఇదే విద్యతో జనం ఖాతాల్లో డబ్బు తీశాయి. పోగొట్టుకున్నవాళ్లలో ఎవరూ ఓటీపీ చెప్పలేదు, లింకు నొక్కలేదు.

స్కానర్ మీద పెట్టింది బతికున్న వేలా, అచ్చా అని పరీక్షించే ఏర్పాటును ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2023లో తెచ్చింది. అయినా మన వైపు నుంచి ఒక తాళం ఉంది: బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లోగానీ వెబ్‌సైట్లోగానీ వేసుకోవచ్చు. వేశాక మీ వేలు, కనుపాప, ముఖం దేనితోనూ ఎవరూ ఏ పనీ చేయలేరు, మీతో సహా. రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వేలు పెట్టాల్సినవాళ్లు ఆ రోజు లాక్ తీసి, పనయ్యాక మళ్లీ వేసుకోవాలి. అందుకే ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కు లాక్ వేసి ఉద్యోగానికి వెళ్లిపోయే కొడుకులు, కోడళ్లు ఈ సంగతి వాళ్లకు చెప్పి మరీ వెళ్లాలి. లేదంటే పింఛను రోజున ఆ పెద్దాయన క్యూలో నిలబడి మిమ్మల్నే తిట్టుకుంటాడు. గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపించే చరిత్ర కూడా లాక్ వేసుకునే చోటే ఉంటుంది.

అపోహ: ఆధార్ నంబరు బయటికి తెలిసిందా, ఖాతా ఖాళీ.

ఇది ఇంకో చివర. ఒట్టి నంబరుతో ఎవరూ డబ్బు తీయలేరు. భయపడాల్సింది నంబరుకు కాదు, దాని చుట్టూ చేరే మిగతా వాటికి. మీసేవ పక్కన ఉండే ఏ ప్రింటు షాపుకైనా వెళ్లి చూడండి. గోడ మీద ఒక వాట్సాప్ నంబరు అతికించి ఉంటుంది. జనం ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు దానికి పంపి, ప్రింటు తీసుకుని, ఐదో పదో ఇచ్చి వెళ్లిపోతారు. ఫైళ్లు మాత్రం ఆ ఫోన్లోనే, ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోతాయి. షాపతను మంచివాడే కావచ్చు. ఆ ఫోను పోతే? ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అనకండి: ఇంగ్లీషులో మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కింటివాళ్లకూ తెలిసిన రహస్యం అది!

కాపీలు ఇష్టమొచ్చినట్టు ఇవ్వొద్దని 2022 మేలో యూఐడీఏఐ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. జనం కంగారుపడటంతో రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయినా, అందులో చెప్పిన మాస్క్‌డ్ ఆధార్ ఇప్పటికీ దొరుకుతుంది. చివరి నాలుగు అంకెలే కనిపించే ఆ కాపీ లాడ్జికి చాలు. జిరాక్సే ఇవ్వాల్సి వస్తే, ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో సహా, ఫొటో మీదుగా రాయండి. రెండో చోట వాడబోయేవాడికి అది అడ్డు తగులుతుంది.

అపోహ: బ్రౌజర్‌లో తాళం గుర్తుంటే అసలైన సైటే.

కాదు. మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది దొంగే అయితే అతనికి భద్రంగా చేరుతుంది, అంతే. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తునే తీసేసింది.

అపోహ: పాస్‌వర్డ్ నెలకోసారి మారిస్తే ఎవరూ పట్టుకోలేరు.

నెలనెలా మార్చమంటే మనం చేసేది చివరి 1ని 2 చేయడమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఈ నియమాన్ని వదులుకోమంది. అసలు ముప్పు ఒకే పాస్‌వర్డ్‌ను పది చోట్ల వాడటం. ఎక్కడో ఒక షాపింగ్ సైట్లో లీకైతే అదే ఐడీ, పాస్‌వర్డ్ జతను మీ ఈమెయిల్ మీద ప్రయోగిస్తారు. ఈమెయిల్ దొరికితే మిగతావన్నీ ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కి తెరుస్తారు. కాబట్టి ఈమెయిల్‌కు పొడవైన, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల తనిఖీ ఆన్ చేయండి.

అపోహ: ఫోన్లో సిగ్నల్ పోయిందంటే టవర్ సమస్యే.

పక్కవాళ్ల ఫోన్లు పనిచేస్తూ మీది ఒక్కటే గంటలపాటు చచ్చిపడి ఉంటే, మీ నంబరు మీద ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేయాలన్న నిబంధన ఉంది. ఆ గడువు మీకోసమే, వేరే ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. అమెరికాకో, గల్ఫ్‌కో వెళ్లినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఇక్కడి సిమ్‌ను రీచార్జ్ చేయక వదిలేస్తే, రద్దయిన 90 రోజుల తర్వాత ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ బ్యాంకు, ఆధార్ ఓటీపీలు ఆ కొత్త మనిషి ఫోన్లో మోగుతాయి.

అపోహ: పోయింది పోయింది, పోలీసుల చుట్టూ తిరిగి లాభం లేదు.

కొట్టేసిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు, మరో ఖాతాకు పరుగెడుతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే దారిలో ఎక్కడో ఒక చోట నిలిపేసే అవకాశం ఉంటుంది. బ్యాంకుకూ చెప్పాలి. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు అనుకోండి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదని 2017 జూలై నాటి ఆర్‌బీఐ ఆదేశం. మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. బ్రాంచిలో ‘మీరే ఏదో నొక్కి ఉంటారు’ అన్నప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుని అడగండి, ఫిర్యాదుకు రసీదు తీసుకోండి. డబ్బు పోకుండా పేరు మాత్రమే వాడుకున్నా నేరమే: ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద మూడేళ్ల దాకా జైలు. నిలిపేసిన సొమ్ము ఇప్పించడానికి తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌లను వాడుతున్నారు. అక్కడిదాకా వెళ్లేది ఫిర్యాదు నంబరు ఉన్నవాళ్ల డబ్బే.