ఫారం 700: మిగ్-21 అప్పగించిన లెక్కలు

ముఖచిత్రానికి మిగ్-21 బొమ్మ ఖాయమైంది, కథనం బుధవారానికల్లా కావాలన్నారు ఎడిటర్. బొమ్మకేం, అదిరిపోతుంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో దానికి వీడ్కోలు పలికినప్పుడు టీవీ కెమెరాలన్నీ ఆ విమానం వెంటే పరుగెత్తాయి. వాయుసేనాధిపతి ఏపీ సింగ్ స్వయంగా ఒకదాన్ని నడిపారు. దిగిన విమానాలకు ఫైరింజన్లు నీళ్లు చిమ్మి సెల్యూట్ చేశాయి. ఆ హడావిడంతా అయ్యాక ఆయన రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ చేతికి ఒక దస్త్రం అందించారు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. దాని పేరు ఫారం 700.

ప్రతి యుద్ధవిమానానికీ ఇలాంటి దస్త్రం ఒకటి ఉంటుంది. బ్రిటిష్ వాయుసేన నుంచి మనకు వచ్చిన పద్ధతి. విమానం ఎన్ని గంటలు ఎగిరింది, ఇంధనం ఎంత పోశారు, ఏ ఆయుధం తగిలించారు, ఏ భాగాన్ని ఎప్పుడు మార్చారు, మళ్లీ ఎప్పుడు మార్చాలి... అన్నీ అందులోకే ఎక్కుతాయి. తెల్లవారుజామున హ్యాంగర్ ముందు ఇంజిన్ చూసినవాడు ఇంజిన్ గడిలో సంతకం పెడతాడు. ఎలక్ట్రికల్ పని చేసినవాడిది వేరే గడి, ఆయుధాలవాడిది ఇంకొకటి. పైలట్‌ను విమానం నుంచి బయటికి విసిరే సీటును పరీక్షించినవాడూ సంతకం పెట్టాల్సిందే. ఇవన్నీ చూసుకున్నాక, విమానాన్ని నా చేతుల్లోకి తీసుకుంటున్నానని చివరి సంతకం పైలట్ పెడతాడు. అది పడందే విమానం కదలదు. దిగాక మళ్లీ అదే దస్త్రం. గాల్లో ఏదైనా తేడా కనిపించిందా? రాయాలి. దాన్ని వాళ్ల భాషలో స్నాగ్ అంటారు. రాసిన స్నాగ్‌ను ఎవరు సరిచేశారో, సరిగ్గా ఉందని ఎవరు చూశారో వాళ్ల సంతకాలు పడితే తప్ప అది తీరినట్టు కాదు.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటుంది. చిన్న లోపాన్ని వెంటనే సరిచేయకుండా వాయిదా వేయొచ్చు. అందుకూ వీలుంది. కానీ వాయిదా వేసిన సంగతి రాయాలి, ఎంతవరకు వాయిదానో రాయాలి, అధికారం ఉన్నవాడు దాని కింద సంతకం చేయాలి. ఎప్పుడైనా విమానం కూలితే విచారణ కోసం మొట్టమొదట తాళం వేసి దాచేది ఈ కాగితాలనే. పాతికేళ్లయినా నిండని ఎయిర్‌మన్ ఒకడు తన పేరు పక్కన ఆ బాధ్యతను రోజూ మోస్తాడు. సభల్లో దండలు పడేది మాత్రం రెక్కలకే.

ఇక చరిత్ర. స్థలం తక్కువ, గబగబా చెప్పేస్తా. 1963లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి చండీగఢ్‌లోనే 28వ స్క్వాడ్రన్‌లో చేరింది. మన తొలి సూపర్‌సోనిక్ యుద్ధవిమానం ఇదే. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద దాడి చేసింది, ఆ తర్వాత గవర్నర్ రాజీనామా చేశారు. కార్గిల్‌లో ఎగిరింది. 2019లో పాకిస్థాన్ విమానాలతో తలపడినప్పుడు పైలట్ అభినందన్ నడిపింది దీనినే. అన్నీ కలిపి 870కి పైగా కొన్నాం, చాలావరకు నాసిక్‌లో మన విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ కట్టినవే. 62 ఏళ్ల సేవ.

‘ఎగిరే శవపేటిక’ అన్న పేరూ దీనికే వచ్చింది. ఆ మాట నాకు గిట్టదు. అలాగని అంకెలను కాదనలేం. 2012 ఏప్రిల్ దాకా చూస్తే మొత్తం 872 మిగ్‌లలో 482 ప్రమాదాల్లో పోయాయనీ, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు చనిపోయారనీ ఆనాటి రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2023 మేలో రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్ జిల్లాలో ఒక మిగ్-21 ఇంటి మీద కూలి ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లకు సూపర్‌సోనిక్‌తో పనేముంది?

అయితే నెపమంతా విమానం మీదే వేస్తే ఒప్పుకోలేను. ఒక్కటే ఇంజిన్, గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో ల్యాండింగ్. అలాంటి యంత్రం మీదికి శిక్షణ పూర్తయిన కుర్రాళ్లను నెమ్మదైన కిరణ్ విమానం నుంచి నేరుగా ఎక్కించాం. మధ్యలో ఒక మెట్టు, అంటే అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్, కావాలని యుద్ధవిమాన ప్రమాదాల మీద వేసిన లా ఫాంటెన్ కమిటీ 1980ల మొదట్లోనే చెప్పింది. అలాంటి ట్రైనర్ అయిన హాక్ కోసం బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది 2004లో. మన పక్కనే ఉన్న బీదర్‌లో హాక్‌లు లాంఛనంగా చేరింది 2008 ఫిబ్రవరిలో. ఈ నడుమ పోయిన ఏళ్లను ఏ ఫారంలో రాశారు? వాయిదా కింద సంతకం ఎవరిది?

మిగ్‌కు బదులు దేశీ తేలికపాటి యుద్ధవిమానం కడదామని 1983లోనే అనుమతి ఇచ్చారు. అది తొలిసారి ఎగిరింది 2001 జనవరి 4న. తేజస్ పేరుతో తొలి స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. ఆలోగా 125 పాత మిగ్‌లకు కొత్త రాడార్, కొత్త క్షిపణులు తగిలించి బైసన్ అని పేరు మార్చి నెట్టుకొచ్చాం. పోనీ బయట కొందామంటే అదీ ఓ సీరియల్. 126 విమానాలకు 2007లో టెండరు పిలిచి, 2012లో రఫేల్‌ను ఎంచుకుని, 2015లో మొత్తం రద్దు చేసి, 2016లో 36కు సంతకం చేశాం.

ఇప్పుడు వాయుసేనకు ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42. మిగ్‌లు వెళ్లాక మిగిలినవి 29. వీడ్కోలుకు సరిగ్గా ముందురోజు, సెప్టెంబరు 25న, మరో 97 తేజస్ మార్క్-1ఏలకు రూ.62,370 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. మంచిదే. అవి రావడం మొదలయ్యేది 2027-28లో. అంతకుముందు ఇచ్చిన ఆర్డరు ఆలస్యం చూస్తే చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగుతాయి. అమెరికాలో జీఈ సంస్థ ఈ తేజస్‌లకు కావాల్సిన ఇంజిన్ల తయారీని ఎన్నడో ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టడానికి కాలం పట్టింది. తొలి ఇంజిన్ 2025 మార్చిలో గానీ రాలేదు. ఇంజిన్ ఒక్కటే కారణమని హెచ్ఏఎల్ తప్పించుకోవడానికీ లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియా ప్రదర్శనలో, ఆ సంస్థ మీద తనకు నమ్మకం కుదరడం లేదని వాయుసేనాధిపతే వాళ్ల ముఖం మీద అన్న వీడియో దేశమంతా చూసింది.

హైదరాబాద్ వాటా
మిగ్‌ల కోసమే 1963లో ఏరోనాటిక్స్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. విమానం ఒళ్లు నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో. మరుసటి ఏడే అది హెచ్ఏఎల్‌లో కలిసింది. బాలానగర్ ఫ్యాక్టరీ పుట్టుక అదీ. తేజస్ మార్క్-1ఏ నడుమ భాగాన్ని నగరంలోని వెమ్ టెక్నాలజీస్ కట్టి 2025 మేలో హెచ్ఏఎల్‌కు అప్పగించింది. రఫేల్ ఒళ్లు ఇక్కడే తయారుచేసేందుకు టాటా, దసో సంస్థలు అదే ఏడాది జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి.

తర్వాతి వంతు
జాగ్వార్. 1979లో వచ్చింది. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో పక్కన పెట్టేశాయి. ప్రపంచంలో ఇంకా నడుపుతున్నది మనమొక్కరమే. 2025లోనే మూడు కూలాయి. ఎనభైల్లో వచ్చిన మిరాజ్-2000, మిగ్-29 దాని వెనకే వరసలో ఉన్నాయి. రిటైరైన విమానాన్ని ముట్టుకునేంత దగ్గరగా చూడాలనుంటే విశాఖ బీచ్ రోడ్డుకు వెళ్లండి. 29 ఏళ్లు నౌకాదళానికి పనిచేసిన టీయూ-142 అక్కడ మ్యూజియమై కూర్చుంది.

మళ్లీ లెక్కల్లోకి వద్దాం. 83 మార్క్-1ఏల తొలి ఆర్డరు మీద 2021 ఫిబ్రవరిలో సంతకాలయ్యాయి. మొదటి విమానం రావాల్సింది 2024 మార్చిలో. చండీగఢ్‌లో మంత్రి ఫారం 700 అందుకున్న రోజుకు వాయుసేన చేతికి ఒక్కటీ అందలేదు.