మణికట్టున్న యంత్రం

నాగారంలో మా వీధి చివరింటి కాక నాచారం పారిశ్రామికవాడలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. రోబోతో తీయొచ్చని డాక్టరు చెప్పారట. ఇంటికొచ్చి నన్నడిగిన మొదటి మాట: “మిషన్ కోస్తదా, డాక్టర్ కోస్తడా?”

డాక్టరే. కానీ జీవితమంతా యంత్రాలు విప్పి బిగించిన మనిషికి ఆ ఒక్క మాట చాలదు. లోపల ఏం తిరుగుతుందో చెప్పాలి.

ప్రోస్టేట్ ఉన్న చోటే చిక్కు. మూత్రాశయం కింద, కటి ఎముకల గిన్నె అడుగున ఉంటుంది. మూత్రనాళం దాని నడుమ నుంచే వెళుతుంది. గ్రంథిని తీశాక తెగిన నాళాన్ని తిరిగి మూత్రాశయానికి కుట్టాలి. 1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్ గ్రంథిని పూర్తిగా తీసే ఆపరేషన్ చేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు క్యాన్సర్ పోయినా, పురుషత్వం పోయిందని కుమిలిపోయినవారు ఎందరో. 1982లో అదే ఆసుపత్రిలో పాట్రిక్ వాల్ష్, గ్రంథికి రెండు పక్కలా అంటుకుని పోయే సన్నని నరాలను ఒలిచి పక్కకు తప్పించే పద్ధతి చూపాడు. ఇక అక్కడి నుంచి అంతా చూపు మీద, వేళ్ల మీద పడింది.

తర్వాత కడుపు కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీ వచ్చింది. ఇరుకు మూతి కుండలో పొడుగాటి గరిటె పెట్టి అడుగున తిప్పి చూడండి. చెయ్యి కుడికి పోతే గరిటె కొస ఎడమకు పోతుంది. పైగా ఆ కొస వంగదు. అలాంటి పనిముట్లతోనే పారిస్‌లో గియోనో, వాలాన్సియెన్ అనే ఇద్దరు సర్జన్లు 1998 నుంచి ప్రోస్టేట్ తీసి చూపారు. పుదుచ్చేరి జిప్మర్‌లో చదివి, అప్పట్లో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో యూరాలజీ విభాగాన్ని నడుపుతున్న మణి మీనన్ వాళ్లను 2000లో తన దగ్గరికి రప్పించుకున్నాడు. పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సలో ఆయనది అందెవేసిన చెయ్యి. కానీ ఆ కర్రలు మాత్రం ఆయన చేతికి లొంగలేదు.

యంత్రం అప్పుడే వచ్చింది. యుద్ధంలో గాయపడిన సైనికులకు దూరం నుంచి ఆపరేషన్ చేయాలన్న ఆలోచన మీద 1980ల చివర్లో కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధన దాని పుట్టుక. 1995లో మొదలైన ఇంట్యూటివ్ అనే కంపెనీ దాన్ని గుండె ఆపరేషన్ల కోసమని పెంచింది. 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. పేరు డా విన్సీ. గుండె కోసం పెంచిన యంత్రం చివరికి ప్రోస్టేట్ దగ్గర స్థిరపడింది.

దాని ప్రాణం మణికట్టులో ఉంది. పనిముట్టు 8 మిల్లీమీటర్ల లావు గొట్టం. అందులో సన్నని లోహపు తీగలు, కొసన చిన్న కప్పీలు. తీగ లాగితే కొస మన మణికట్టులాగే అన్ని వైపులా వంగుతుంది. డాక్టరు కొన్ని అడుగుల దూరంలో కూర్చుని, 10 రెట్లు పెద్దదై లోతుతో సహా కనిపించే బొమ్మను చూస్తూ వేళ్లు కదుపుతాడు. ఆయన చెయ్యి 3 సెంటీమీటర్లు జరిగితే కొస 1 సెంటీమీటరే జరిగేలా పెట్టుకోవచ్చు. చేతి వణుకును యంత్రం వడకట్టేస్తుంది. తనంతట తాను ఒక్క గాటూ పెట్టదు. కాగితం మీద కప్పీలు గీసి చూపితే కాక ముఖంలో భయం కొంచెం తగ్గింది. “కప్పీల మీద తీగలా? గిది నాకు ఎరుకైన పనే.”

లోటూ ఉంది. చాలాకాలం ఆ యంత్రానికి స్పర్శ లేదు. దారం ఎంత బిగిసిందో సర్జన్ కంటితోనే పసిగట్టాలి. బలాన్ని వేళ్లకు తెలిపే కొత్త నమూనాకు అనుమతి 2024లో గానీ రాలేదు.

ఈ కథలో మనవాడొకరున్నారు. మిచిగాన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి ఎదిగిన రాజ్ వట్టికూటి 2001లో హెన్రీ ఫోర్డ్‌కు 2 కోట్ల డాలర్లు ఇచ్చారు. మీనన్ రోబోతో తీర్చిదిద్దిన ఆపరేషన్‌కు ‘వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రోస్టేటెక్టమీ’ అన్న పేరే స్థిరపడింది. ఒక తెలుగింటి పేరు ప్రపంచ యూరాలజీ పుస్తకాల్లో ఉండటం నాకెంతో గర్వంగా ఉంటుంది.

మిగతా క్యాన్సర్లలో రోబో పాత్ర ఒక్కో తీరుగా ఉంది. కిడ్నీలో గడ్డ మటుకే కోసి మిగతాది కాపాడాలంటే రక్తనాళానికి క్లిప్పు పెట్టి, అరగంటలోపే కోసి కుట్టేయాలి. అక్కడ ఆ మణికట్టు నిజంగా అక్కరకొస్తుంది. మూత్రాశయంలో పైపొర గడ్డలకు రోబోతో పనే లేదు. మూత్రనాళం లోంచి దుర్బిణి పంపి గీకేస్తారు.

పంజాగుట్ట నిమ్స్‌కు 2023లో రోబో వచ్చింది. ఖర్చు మాత్రం ఎక్కడైనా ఎక్కువే. చాలా పనిముట్లలో ఉండే చిప్ వాడకాన్ని లెక్కపెడుతుంది. తొలి తరాల్లో 10 ఆపరేషన్లు కాగానే పక్కన పెట్టేయాల్సిందే. పదును పోని పనిముట్టును పారేయడం కాకకు అస్సలు మింగుడుపడలేదు.

మరి అంత ఖర్చుకు ఫలితం? బ్రిస్బేన్‌లో 300 మందికి పైగా రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి పొట్ట కోసి, రెండో వర్గానికి రోబోతో చేసి పోల్చారు. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం, రోబోతో రక్తం తక్కువ పోయింది, ఆసుపత్రిలో తక్కువ రోజులున్నారు. కానీ 12 వారాలకు మూత్రం ఆపుకోవడంలో, దాంపత్యంలో తేడా కనిపించలేదు. పొట్ట కోసి చేసిన సర్జన్ అప్పటికే 1500కు పైగా చేసినవాడు. రోబోతో చేసినాయన 200.

ఈ రెండు అంకెలు విన్నాక కాక కాసేపు మాట్లాడలేదు. స్కాన్ రిపోర్టు కవరు తిప్పి, వెనక బాల్‌పెన్‌తో రాసుకున్నాడు, డాక్టర్ని అడగడానికి: “మీరు ఎన్ని చేసిన్రు సార్?”