పరీక్ష హాలు బయట జవాబుల లెక్క

ఇంటర్మీడియట్ పరీక్షల రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు గంటలు దాటాక ఏ పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. ప్రశ్నపత్రం మడత విప్పి నలుగురైదుగురు పిల్లలు గుంపుగా నిలబడతారు. ‘నువ్వేం రాశావు?’ అన్న మాటతో మొదలవుతుంది. ఐదు నిమిషాల్లో ఒకరి ముఖం వెలిగిపోతుంది, ఇంకొకరి ముఖం వాడిపోతుంది. జంతుశాస్త్రం పరీక్ష నాడు ఈ సందడి మరీ ఎక్కువ. డాక్టరు కావాలనుకునే పిల్లలందరూ రాసే పరీక్ష కదా!

మానవ హృదయం గురించి వ్యాసం అడిగారనుకుందాం. కుడి కర్ణికకు, కుడి జఠరికకు మధ్య ఉండేది అగ్రత్రయ కవాటం. ఎడమ వైపున ఉండేది అగ్రద్వయ కవాటం. చదివేటప్పుడు అందరికీ వచ్చినదే, రాసేటప్పుడు కొందరికి తారుమారవుతుంది. గేటు బయట ఆ సంగతి తేలగానే అంతా అయిపోయిందని తల పట్టుకుంటారు. నిజానికి అది 8 మార్కుల వ్యాసం. గదుల వర్ణనకు, రక్తనాళాలకు, పేర్లు గుర్తించిన బొమ్మకు అందులో వాటా ఉంటుంది. 2025 మార్చిలో తెలంగాణలో జరిగిన ద్వితీయ సంవత్సరం పరీక్షలో జంతుశాస్త్రం పత్రానికి 60 మార్కులు. అందులో అతి స్వల్ప సమాధాన ప్రశ్నలకు 20, స్వల్ప సమాధాన ప్రశ్నలకు 24, వ్యాసాలకు 16. ఇందులో ఒక్క కవాటం పేరు ఎంత? అయినా దానితోనే ఆ రోజంతా చీకటవుతుంది.

జవాబులు పోల్చుకోవడమే తప్పని మేము అనము. మదరసాలో చదివినవారికి తక్రార్ అంటే ఏమిటో తెలుసు. ఉస్తాద్ చెప్పి వెళ్లిన సబఖ్‌ను విద్యార్థులు చుట్టూ కూర్చుని ఒకరికొకరు మళ్లీ చెప్పుకుంటారు. ఒకరి పొరపాటును మరొకరు సరిదిద్దుతారు. రాత్రి ఇషా తరువాత గంటలకొద్దీ సాగే ఆ పద్ధతి వల్లనే కఠినమైన గ్రంథాలు కూడా నోటికి వచ్చేవి. అయితే అక్కడ ప్రశ్న ‘ఏది సరి?’ అన్నది. గేటు దగ్గర ప్రశ్న మాత్రం ‘నాకెన్ని వస్తాయి?’ అన్నది. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా మొదటిది విద్య, రెండవది జోస్యం.

ఈ పోల్చుకోవడంలో మరో చిక్కు ఉంది. నలుగురిలో ముగ్గురు ఒకే జవాబు రాస్తే నాలుగో పిల్లవాడు తానే తప్పు రాశానని నిర్ణయించుకుంటాడు. హృదయం ప్రస్తావన వచ్చింది కనుక హృదయం సంగతే చెబుతాము. క్రీ.శ. రెండవ శతాబ్దానికి చెందిన వైద్యుడు గాలెన్, గుండెలో కుడి జఠరిక నుండి ఎడమ జఠరికకు మధ్యగోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా రక్తం వెళుతుందని చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా అదే జవాబు. వైద్యశాస్త్రంలో షేఖ్ అనిపించుకున్న ఇబ్నె సీనా కూడా ఆ దారినే నడిచాడు. పదమూడవ శతాబ్దంలో డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్నె నఫీస్, ఇబ్నె సీనా గ్రంథంలోని శరీరనిర్మాణ భాగానికే వ్యాఖ్యానం రాస్తూ ఆ గోడలో రంధ్రాలు లేవని, రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి గాలితో కలిసి ఎడమ వైపుకు చేరుతుందని రాశాడు. అందరూ ఒకటి చెబుతుండగా ఒక్కడు వేరే జవాబు రాశాడన్న మాట. ఆయన 1288లో మరణించాడు. ఈ జవాబును ఆధునిక లోకం గమనించింది 1924లో. ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ బెర్లిన్‌లో ఆ రాతప్రతిని చూశాకనే ఆ సంగతి బయటపడింది. అందుచేత మన పిల్లలు పక్కవాళ్ల సంఖ్యను చూడక పుస్తకం తెరిచి చూడటం మేలు.

భాష వేరైతే ఈ తికమక ఇంకా పెరుగుతుంది. ఒకే ఇంట్లో అన్న ఉర్దూ మీడియం, చెల్లెలు తెలుగు మీడియం, పక్కింటి అబ్బాయి ఇంగ్లీషు మీడియం అయిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అన్న ‘జియాయీ తాలీఫ్’ అంటాడు, చెల్లెలు ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటుంది, పక్కింటి అబ్బాయి ‘ఫోటోసింథసిస్’ అంటాడు. ముగ్గురూ చెప్పేది ఆకు అన్నం వండుకునే సంగతే. అన్న ‘ఖలియా’ అన్నదే చెల్లెలికి ‘కణం’. హైదరాబాద్‌లో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉర్దూలో శాస్త్ర గ్రంథాలను సిద్ధం చేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో ఆ పనే చేసింది. ఇద్దరి పుణ్యాన మన పిల్లలు ఏ భాషలోనైనా జీవశాస్త్రం చదవగలుగుతున్నారు. ఇంగ్లీషు మాట వాడలేదు కనుక తన జవాబు తక్కువదని ఏ బిడ్డా అనుకోనక్కరలేదు.

ఇక ఒక్క జవాబునే గుర్తించే పరీక్షల్లో లెక్క కచ్చితం కాదా అని అడగవచ్చు. నీట్ పరీక్ష అలాంటిదే. 2025లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. పరీక్ష తరువాత తాత్కాలిక కీ విడుదల చేస్తారు. అభ్యంతరముంటే రుసుము కట్టి తెలుపవచ్చు. ఇంత కట్టుదిట్టమైన చోట కూడా 2024లో ఏం జరిగిందో అందరూ చూశారు. భౌతికశాస్త్రంలో పరమాణువుల మీద వచ్చిన ఒక ప్రశ్నకు, పాత పాఠ్యపుస్తకం ప్రకారం ఒకటి, కొత్తదాని ప్రకారం మరొకటి అని రెండు జవాబులకూ మార్కులిచ్చారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు ఒక్కటే సరైనదని చెప్పారు. మొదట 67 మంది ఉన్న ప్రథమ ర్యాంకులో చివరికి 17 మంది మిగిలారు. కీ తయారు చేసినవారి లెక్కే మారినప్పుడు, గేటు దగ్గర నిలబడి వేసుకున్న లెక్క ఏపాటిది?

పిల్లల ఆందోళన రెండు రోజుల్లో తీరిపోయేదే అయితే ఇంత రాయవలసిన పని లేదు. వారి అంచనా ఇంటికి చేరాక అది తీర్పుగా మారడమే అసలు బాధ. 2025లో తెలంగాణ ఇంటర్ పరీక్షలు మార్చి 25న ముగిశాయి, ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. మధ్యలో దాదాపు నాలుగు వారాలు. ఏ సంవత్సరమైనా ఈ వ్యవధి ఉండేదే. ఈ రోజుల్లోనే మన ఇళ్లలో పెద్ద పెద్ద నిర్ణయాలు జరిగిపోతాయి.

కొన్నేళ్ల క్రితం మేము ఎరిగిన ఒక ఇంటిలో అమ్మాయి జంతుశాస్త్రం రాసి వచ్చి ‘అమ్మీ, పేపరు పోయింది’ అని ఏడ్చింది. స్నేహితురాళ్లతో సరిచూసుకుంటే రెండు వ్యాసాలూ తప్పాయట. ఆ మాట తండ్రి చెవిన పడింది. అప్పటికే వచ్చి ఉన్న సంబంధాన్ని ఆయన చూద్దామంటూ ఆపి ఉంచాడు. ‘చదువు ఎలాగూ సాగేలా లేదు, మంచి పిల్లవాడు దొరికినప్పుడే కానిద్దాం’ అన్నాడు. తల్లి ఎదురు చెప్పలేదు. అమ్మాయిని అడిగారు. తప్పిపోయానన్న సిగ్గుతో ఉన్న బిడ్డ ఏమంటుంది? తల వంచుకుంది, దాన్నే సమ్మతి అనుకున్నారు. ఫలితాలు వచ్చేనాటికి రుఖాలు పంచేశారు. ఆ పేపరులో ఆమెకు 60కి 47 వచ్చాయి. తండ్రి చెడ్డవాడు కాడు, బిడ్డల కోసం రాత్రింబవళ్లు కష్టపడే మనిషి. ఆ అమ్మాయి ఆ తరువాత చదవలేదు.

ఇటువంటి వేళల్లో మేము గుర్తు చేసుకునే ప్రవక్త బోధ ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. మేలు చేసేదాని కోసం పట్టుదలతో ప్రయత్నించమని, అల్లాహ్‌ను సహాయం అడగమని, చేతులు ముడుచుకు కూర్చోవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. ఏదైనా నష్టం కలిగితే, అలా చేసి ఉంటే ఇలా అయ్యేదే అని వగచవద్దని, ఆ మాట షైతానుకు తలుపు తెరుస్తుందని హెచ్చరించారు. దీనిని కొందరు తఖ్దీర్ పేరుతో చేతులు దులుపుకోవడానికి వాడతారు. అది సరికాదు. ప్రయత్నించమన్న మాట ముందు వచ్చింది, వగచవద్దన్న మాట తరువాత వచ్చింది. పరీక్షల నడుమ ఈ క్రమం మరీ ముఖ్యం. వృక్షశాస్త్రం రాసి వచ్చిన సాయంత్రం పాత పేపరు ముందేసుకుని కూర్చుంటే పోయేది జంతుశాస్త్రమే. 2025లో పరీక్షలు రమజాన్‌లో వచ్చాయి. రోజా ఉన్న పిల్లలు ఇఫ్తార్ దాకా ఈ వాదంలో పడి సాయంత్రపు చదువంతా పోగొట్టుకోవడం మేము చూశాము.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డ ఇంట్లో అడుగుపెట్టగానే ‘ఎన్ని వస్తాయి?’ అని అడగకండి. నీళ్లిచ్చి, అన్నం పెట్టి, నమాజు తరువాత తదుపరి పరీక్ష ఎప్పుడో అడగండి. మార్కుల మెమో చేతికి వచ్చేదాకా చదువు మాన్పించే మాటగాని, పెళ్లి మాటగాని ఎత్తకండి. సంబంధం నిజంగా మంచిదైతే నాలుగు వారాలు ఆగుతుంది. మెమో వచ్చాక కూడా అనుమానముంటే దారులున్నాయి. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక సరిచూస్తారు. రీవెరిఫికేషన్‌లో జవాబుపత్రాన్ని తిరిగి పరిశీలించి, దాని ప్రతిని కూడా ఇస్తారు. తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, సంవత్సరం పోదు. వీటికి గడువు కొద్ది రోజులే ఇస్తారు. ఆ గడువులో రుసుము కట్టడానికి తండ్రికి పని మానే వీలు లేకపోతే మామూజాన్‌నో, కాలేజీలో చదివే పక్కింటి అబ్బాయినో పంపండి. హాల్‌టికెట్ నంబరు మాత్రం రాసి ఇవ్వండి.