నేరాల లెక్క: పట్నంలో ఎంత? కొండమీద ఎంత?

పట్నంలో నేరాలెక్కువ, పల్లెలో తక్కువ అన్న మాట మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. అనంతగిరి కొండల్లో ఏ ఊరికెళ్లినా పెద్దవాళ్లు "మాకు దొంగతనాలేటి బాబూ, తలుపులకి తాళాలే నేవు" అంటారు. విశాఖపట్నం పనికి వెళ్లొచ్చిన కుర్రాళ్లు బస్టాండులో జేబు కొట్టేసిన సంగతి, సెల్‌ఫోను పోయిన సంగతి చెబుతారు. అదే విశాఖపట్నంలో కూర్చున్నవాళ్లని అడగండి. "ఏజెన్సీయా? అంతా గంజాయి కదండీ" అంటారు. ఒకరికి పట్నమే నేరాల పుట్ట, ఇంకొకరికి కొండే నేరాల పుట్ట.

ఇద్దరి మాటలోనూ కాస్త నిజం ఉంది. కాని ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని తేల్చే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ లెక్క రాసే చెయ్యి ఎవరిది? ఎవరు చెబితే రాస్తారు, ఎవరు చెబితే రాయరు? ఇది చదువుకున్నవాళ్ల కాలక్షేపం కాదు. కాగితం మీద నేరం లేదంటే విచారణ ఉండదు, కోర్టు ఉండదు, నష్టపరిహారం ఉండదు. కాబట్టి కూలి జనం ఈ లెక్క తెలుసుకోవాలి.

అంకె ఎలా పుడుతుంది?

దేశంలో ఈ లెక్కలు కట్టేది ఎన్.సి.ఆర్.బి. అనే కేంద్ర సంస్థ. 1986లో పెట్టారు. పోలీసు స్టేషన్లలో కట్టిన కేసులన్నీ కూడి ఏటా ఒక పుస్తకం వేస్తుంది. లక్షమంది జనానికి ఎన్ని కేసులు అన్నదాన్నే నేరాల రేటు అంటారు. 2023 సంవత్సరం పుస్తకం 2025 సెప్టెంబరులో బయటికొచ్చింది. దాని ప్రకారం దేశం మొత్తం మీద 62,41,569 కేసులు, అంటే లక్షమందికి 448.3.

20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకి విడిగా పట్టికలుంటాయి. హైదరాబాదు అందులో ఉంది. విశాఖపట్నం, విజయవాడ లేవు. జిల్లాల వారీగా లెక్కలున్నాయి గాని పల్లెలకి వేరే పట్టిక లేదు. కాబట్టి "పల్లెలో తక్కువ" అని ఢంకా బజాయించి చెప్పేవాళ్ల చేతిలో పల్లె అంకె ఏదీ ఉండదు.

ఇంకో మూడు మెలికలున్నాయి. ఒకటి, లెక్కకెక్కేది జరిగిన నేరం కాదు, ఎఫ్.ఐ.ఆర్. రాసిన నేరం. రెండు, ఒకే కేసులో నాలుగు నేరాలుంటే వాటిలో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఒక మనిషిని కొట్టి, ఇల్లు తగలబెట్టి, చంపేస్తే పట్టికలో అది ఒక్క హత్య. మూడు, నగరాల రేటు కట్టడానికి ఇప్పటికీ 2011 జనాభా లెక్కలే వాడుతున్నారు. ఈలోగా పట్నాలకి వలసపోయిన లక్షలాది కూలీలు భాగహారంలో లేరు. వాళ్లమీద జరిగిన నేరాలు, వాళ్లమీద పెట్టిన కేసులు మాత్రం అంకెలో ఉన్నాయి. అందుకని పట్నం రేటు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

కొచ్చి, కలకత్తా

2023లో శిక్షాస్మృతి కింద కట్టిన కేసులు కొచ్చిలో లక్షమందికి 3192.4. కలకత్తాలో 83.9. హైదరాబాదులో 332.3. అంటే కలకత్తాకన్నా కొచ్చి 38 రెట్లు ప్రమాదకరమైన ఊరన్నమాట! కొచ్చి వెళ్లి పనిచేసొచ్చిన కూలీ ఎవరైనా ఈ మాట నమ్ముతాడా? నమ్మడు. కేరళలో చిన్న సంగతికి కూడా మనిషి స్టేషను మెట్లెక్కుతాడు, అక్కడ కేసు రాస్తారు. చదువుంది, సంఘం ఉంది, అడిగే నోరుంది. అంకె పెరిగింది. ఎన్.సి.ఆర్.బి. పుస్తకమే ముందుమాటలో హెచ్చరిస్తుంది: నేరాలు పెరగడం వేరు, నేరాల నమోదు పెరగడం వేరు అని. ఆ ముక్క వదిలేసి అంకె ఒక్కటే పట్టుకుని ఊరేగేవాళ్లే ఎక్కువ.

ఇది మన దేశం గొడవే కాదు. అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండులో 1982 నుంచి పోలీసుల పుస్తకం పక్కన పెట్టి, ఇంటింటికీ వెళ్లి "మీ మీద ఏ నేరం జరిగింది?" అని అడిగే సర్వేలు చేస్తున్నారు. చాలా నేరాలు పోలీసుల దాకా రావని అక్కడా తేలింది.

మన దగ్గర ఆడవాళ్ల ఆరోగ్యం మీద జరిగే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. 2019-21 సర్వేలో, దెబ్బలు తిన్న, అత్యాచారానికి గురైన ఆడవాళ్లలో సాయం కోరినవాళ్లు 14 శాతమే. 77 శాతం మంది ఏ మనిషికీ చెప్పుకోలేదు. ఇంట్లోనే ఇంత మౌనం ఉంటే స్టేషను పుస్తకం ఏం చెబుతుంది?

కొండమీద నుంచి స్టేషనుకి

ఇప్పుడు అనంతగిరి సంగతి. మండలం జనాభా యాభై వేలకి కాస్త అటూ ఇటూ. ఇంత చిన్నచోట ఏడాదికి ఒక్క హత్య జరిగితే రేటు లక్షకి 2 అవుతుంది. అంటే దేశం సగటుతో సమానం. రెండు జరిగితే సగటుకి రెట్టింపు. ఒక్కటీ జరక్కపోతే సున్నా. ఒక తాగుడు గొడవ మండలాన్ని దేశంలోకెల్లా చెడ్డదిగా చూపించగలదు, ఒక ప్రశాంతమైన ఏడాది స్వర్గంగా చూపించగలదు. చిన్న ఊళ్ల రేటుని ఒక ఏడాది చూసి తీర్పు చెప్పకూడదనడానికి ఇదే కారణం.

పట్నంలో సెల్‌ఫోను పోతే స్టేషను ఫర్లాంగు దూరం. సిమ్‌కార్డుకి, ఇన్సూరెన్సుకి కాగితం కావాలి గనక కేసు కట్టించుకుంటారు. కొండ మీది సంగతి వేరు. పినకోట, జీనబాడు వైపు ఊళ్లనుంచి నిండు చూలాళ్లని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ప్రాణం మీదకొచ్చినా దారి లేని చోట, సంతలో తూకం మోసం జరిగిందని, మేస్త్రి కూలి ఎగ్గొట్టాడని ఎవరు దిగొస్తారు? వచ్చినా ఒకరోజు కూలి పోయె, బస్సు చార్జీ పోయె. లోపల తెలుగు సరిగా రాని మనిషిని చూసి "రేపు రా" అంటే ఆ రేపు ఎప్పటికీ రాదు.

అందుకే ఊరి పెద్దల దగ్గరే తగువు తీరుతుంది. తప్పు కట్టిస్తారు, మేకో కోడో కోస్తారు, కలిపేస్తారు. చిన్న గొడవలకి ఆ పద్ధతి మంచిదే, ఖర్చు లేనిదే. కాని అవతలివాడు షావుకారయినా, కాంట్రాక్టరయినా, యూనిఫారం వేసుకున్నవాడయినా పెద్దల మాట చెల్లదు. స్టేషను పుస్తకంలోకీ ఎక్కదు. ఆ నేరం గాల్లో కలిసిపోతుంది.

బొర్రా చెప్పిన పాఠం

అన్నిటికన్నా పెద్ద ఆస్తి భూమి. దాని సంగతి బొర్రాలోనే చూడొచ్చు. బొర్రా రిజర్వు అడవి, దాని చుట్టూ ఉన్న 14 గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ కాల్సైటు వగైరా ఖనిజాలు తవ్వుకోవడానికి గిరిజనేతరులకి, కంపెనీలకి ప్రభుత్వమే లీజులిచ్చింది. సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో తీర్పు చెప్పింది: షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమే కాదు, ప్రభుత్వ భూమి, అడవి కూడా గిరిజనేతరులకీ, ప్రైవేటు కంపెనీలకీ లీజుకివ్వడం చెల్లదు.

తీర్పు గొప్పది. కాని మన ప్రశ్న వేరు. విశాఖలో సైకిలు పోతే అది దొంగతనం పట్టికలో ఒక అంకె. మరి చెల్లని లీజు మీద కొండని తవ్వుకుపోతే? దానికి ఆ పట్టికలో గడే లేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959లోనే చట్టం వచ్చింది, 1970లో 1/70గా దాన్ని గట్టిపరిచారు, 1978లో ఉల్లంఘనని పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరంగా చేశారు. అయినా గిరిజనుడు భూమి పోయిందని వస్తే "స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గరకెళ్లు" అనడమే మామూలు. నేరం కాస్తా దావా అయిపోతుంది. జేబు కొట్టేవాడు నేరస్తుడు, పొలం కొట్టేవాడు ప్రతివాది!

వాకపల్లి

పుస్తకంలోకెక్కిన నేరం ఏమవుతుందో కూడా చూడాలి. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో, కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని కొందు తెగ ఆడవాళ్లు 11 మంది ఫిర్యాదు చేశారు. చదువులేనివాళ్లు, కొండ దిగి, నోరు విప్పి, వేలెత్తి చూపించారు. ఆ కేసు పై కోర్టులన్నీ తిరిగింది. విచారణ 2018లో గాని మొదలుకాలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మందినీ విడుదల చేసింది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని అదే కోర్టు చెప్పింది, ఆ ఆడవాళ్లకి నష్టపరిహారం ఇమ్మంది. పదిహేనేళ్లు దాటిన పోరాటం. కేసుల పట్టికలో అది ఒక్క అంకె.

ఇది చూసిన కొండ మీది మరో ఆడకూతురు స్టేషనుకొస్తుందా? రాకపోతే ఆ ఏడాది ఆ మండలంలో "నేరాలు తగ్గాయి" అని రాస్తారు.

గిరిజనులమీద జరిగిన నేరాలు దేశం మొత్తం మీద 2021లో 8,802, 2022లో 10,064, 2023లో 12,960 కేసులు. 2023లో పెరిగినదానికి మణిపూరు మంటలే ముఖ్య కారణం, ఆ ఒక్క చిన్న రాష్ట్రంలోనే 3,399. మిగతా దేశం ప్రశాంతంగా ఉందనుకోవాలా, మెట్లెక్కేవాళ్లు లేరనుకోవాలా? పైన చెప్పినదంతా గుర్తుంచుకుని చదువరులే తేల్చుకోవాలి.

గంజాయి మూట

మరి ఏజెన్సీ పేరు చెడగొట్టే గంజాయి సంగతి? దాచక్కర్లేదు, గంజాయి ఉంది. 2021 చివర 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. కాని ఈ నేరం అంకెలోకి ఎవరి పేరుతో ఎక్కుతుంది? పట్టుబడేది మూట మోసినవాడు. ఒక్క రాత్రి మోతకి నాలుగు రోజుల కూలి ఇస్తామంటే ఒప్పుకున్న కుర్రాడు. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే పదేళ్లకి తక్కువ లేని శిక్ష, బెయిలు దొరకడం గగనం. పెట్టుబడి పెట్టినవాడు, లారీ పంపినవాడు, పట్నంలో అమ్ముకునేవాడు ఎక్కడో ఉంటారు. సరుకు పట్నానికి, లాభం పట్నానికి, కేసు కొండకి! భూమి పోయిన నేరం రాయని పుస్తకమే మూట మోసిన నేరాన్ని అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది.

పల్లె వెన్నముద్ద కాదు

అలాగని కొండ పల్లెని ఆకాశానికెత్తడమూ తప్పే. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మన ఏజెన్సీలో ఎన్నో జరిగాయి. సారా తాగొచ్చి పెళ్లాన్ని కొట్టడాన్ని ఊరి పెద్దలే "ఇంటి గొడవ" అంటారు. దేశంలో 2023లో జరిగిన 27,721 హత్య కేసుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మూలం తగాదాలే: భూమి, డబ్బు, కుటుంబం, చిన్న చిన్న మాటా మాటా. అవి పట్నంలోనూ ఉన్నాయి, పల్లెలోనూ ఉన్నాయి. పేదవాడి చేతిలో పేదవాడు చచ్చే ఈ నేరాల్ని మన సంఘాలు దాచకూడదు. మన ఊరి పరువు పోతుందని ఆడమనిషి నోరు నొక్కితే, కేసు రాయని రైటరుకీ మనకీ తేడా ఏముంది?

ఇప్పుడు చెయ్యాల్సింది

2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకొచ్చాయి. వాటిని గురించి మనకెన్ని అభ్యంతరాలున్నా, చేతికి అందే హక్కుల్ని వదులుకోకూడదు. కార్యకర్తలు వీటిని నోటికి నేర్చుకుని ప్రతి ఊళ్లోనూ చెప్పాలి.

కేసు కట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులోనయినా ఫిర్యాదు తీసుకోవాలి. "మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు. నోటితో చెబితే వాళ్లే రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు డబ్బులేకుండా ఇవ్వాలి. కేసు రాయకపోతే ఫిర్యాదుని కాగితం మీద రాసి ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

గిరిజనులమీద, దళితులమీద జరిగిన నేరమైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. దాని కింద ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారి చెయ్యాలి. కావాలని బాధ్యత ఎగ్గొట్టిన గిరిజనేతర, దళితేతర అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని నాలుగో సెక్షను చెబుతోంది.

వీటితోపాటు ప్రతి సంఘం ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. కూలి ఎగ్గొట్టిన రోజు, తూకంలో కొట్టేసిన కిలో, ఆక్రమించిన చెక్క, స్టేషనుకెళ్తే "రేపు రా" అన్న తేదీ, అన్నీ రాయాలి. చదువొచ్చిన పిల్లలు ఊరికొకరు చాలు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకాన్నీ స్టేషను పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి అధికారుల్ని నిలదీయొచ్చు.

అలా చేస్తే అనంతగిరిలో నేరాల రేటు పెరుగుతుంది. పట్నంలో వాళ్లు "చూశారా, ఏజెన్సీ పాడైపోతోంది" అంటారు. అననివ్వండి. జరిగిన నేరం పుస్తకంలోకెక్కితేనే దాన్ని చేసినవాడు బోనులోకెక్కేది.