మరమగ్గాల మోత నడుమ ఒక కొత్త వృత్తి: ఆడియాలజిస్టుగా స్థిరపడగోరే యువతకు

సూరత్ నగరంలో పాండేసరా, ఉధనాలకు చేరువలో ఉన్న బమ్రోలి పారిశ్రామిక ప్రాంతంలో మరమగ్గాల మోత పగలనక రాత్రనక సాగుతూనే ఉంటుంది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ ప్రాంతాల నుండి దశాబ్దాలుగా బ్రతుకుతెరువు కొరకు తరలివచ్చిన తెలుగు నేత కుటుంబాలకు సూరత్ రెండవ పుట్టినిల్లయింది. వారి పిల్లల కొరకు అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది. ఈ కుటుంబాలకు మగ్గం అన్నం పెట్టింది. కాని ప్రతిగా వినికిడిని కొద్దికొద్దిగా పుచ్చుకుంటున్నది. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన బిడ్డలు మీ ఇంట ఉన్నట్లయితే, ఈ నష్టాన్ని కొలిచి, అరికట్టి, తగిన సహాయం అందించే వృత్తిని గురించి మీరు తెలుసుకోవడం అవసరం. అదే ఆడియాలజీ, అనగా వినికిడి శాస్త్రం.

మోత చేసే హాని

శబ్ద తీవ్రతను డెసిబెళ్లలో కొలుస్తారు. ఈ కొలమానంలో 3 డెసిబెళ్లు పెరిగితే చెవిని తాకే శక్తి రెట్టింపు అవుతుంది. 85 డెసిబెళ్ల మోతలో 8 గంటలకు మించి ఉండరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. ఆ లెక్కన 88 డెసిబెళ్ల వద్ద 4 గంటలు, 94 వద్ద 1 గంట, 100 వద్ద కేవలం 15 నిమిషాలు మాత్రమే. మన దేశంలో కర్మాగారాలకు అనుసరిస్తున్న పరిమితి 8 గంటలకు 90 డెసిబెళ్లు. మరమగ్గాల షెడ్డులో మోత ఈ హద్దును దాటడం సాధారణమే. అక్కడ 12 గంటల షిఫ్టు పనిచేసే కార్మికుని చెవి ఎంత భారం మోస్తున్నదో మీరే ఊహించగలరు.

ఈ నష్టానికి నొప్పి ఉండదు. లోపలి చెవిలోని సున్నితమైన కేశకణాలు నశిస్తాయి. అవి తిరిగి పుట్టవు. మొదట 4000 హెర్ట్జ్ పరిసరాలలోని హెచ్చు స్థాయి ధ్వనులు తగ్గిపోతాయి. అందువలన ‘స’, ‘ష’ వంటి అక్షరాలు, స్త్రీల, పిల్లల మాటలు అస్పష్టమవుతాయి. “మాట వినబడుతూనే ఉంది, కాని అర్థం కావడం లేదు” అని నేతన్న అంటాడు. ఇంటివారు దానిని పరధ్యానంగా భావిస్తారు. ఈ విధంగా కొన్ని సంవత్సరాలు గడచిపోతాయి.

ఇక్కడ చట్టం తోడుగా ఉంది. మోత వలన కలిగే వినికిడి లోపాన్ని చట్టం తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. దానిని వృత్తి వ్యాధిగానూ గుర్తించింది. అయితే ఏ హక్కు కోరాలన్నా ముందుగా ఆడియోగ్రామ్ అనే పరీక్షా పత్రం కావాలి. దానిని శాస్త్రీయంగా తయారుచేసే వ్యక్తి ఆడియాలజిస్టు.

చదువు ఎక్కడ, ఎట్లా?

బి.ఏ.ఎస్.ఎల్.పి. అనే పట్టభద్ర కోర్సు ఈ వృత్తికి ప్రవేశ ద్వారం. భౌతిక, రసాయన శాస్త్రాలతోపాటు జీవశాస్త్రం, గణితం వంటి సబ్జెక్టుతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైనవారు అర్హులు. మూడు సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ కలిసి నాలుగు సంవత్సరాలు పడుతుంది. ఆపై రెండు సంవత్సరాల స్నాతకోత్తర విద్య ఉంది.

మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలో ఈ రంగానికి మూలస్తంభం. ముంబైలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ కూడా ఈ కోర్సు నడుస్తున్నది. మీరు చేరే కళాశాలకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా విచారించండి. 1992 నాటి చట్టం ప్రకారం మండలి రిజిస్టరులో పేరు నమోదైన వారికే ఈ వృత్తి చేపట్టే హక్కు ఉంది. గుర్తింపు లేని చోట చదివిన నాలుగేళ్లు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఉపాధి మార్గాలు

ఆసుపత్రుల చెవి, ముక్కు, గొంతు విభాగాలు, వినికిడి యంత్రాల సంస్థలు, ప్రత్యేక పాఠశాలలు, కాక్లియర్ ఇంప్లాంట్ కేంద్రాలు ఈ పట్టభద్రులను తీసుకుంటాయి. 2007లో మొదలైన జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం క్రింద జిల్లా ఆసుపత్రులలోనూ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానికి చెందిన జిల్లా కేంద్రాలలోనూ ఒప్పంద ప్రాతిపదికపై కొలువులు ఉంటాయి. ఇటువంటి ఉద్యోగాలలో స్థిరత్వం తక్కువే. కాని రకరకాల రోగులను చూసిన అనుభవం మరెక్కడా అంత త్వరగా లభించదు.

బమ్రోలి వంటి చోట మరొక అవకాశం ఉంది. మాటలను వినిపించి చేసే పరీక్షలో రోగి మాతృభాషలోని పదాలే వాడాలి. హిందీ పదాలు సరిగా రాని తెలుగు నేతన్నకు హిందీ పదాలతో పరీక్ష జరిపితే, తప్పు చెవిదో భాషదో తేలదు. తెలుగు, గుజరాతీ, హిందీ మూడూ వచ్చిన యువతీయువకులు అక్కడి కార్మిక వాడలలోనే పెరుగుతున్నారు. వేరొకరికి లేని ఈ పెట్టుబడి వారికి పుట్టుకతోనే లభించింది.

షెడ్డులలో శిబిరం నిర్వహించేటప్పుడు ఒక నియమం మరువరాదు. పరీక్షకు ముందు కార్మికుడు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండాలి. లేనియెడల తాత్కాలికమైన చెవి అలసట శాశ్వత లోపంగా కనబడుతుంది. కనుక శిబిరాన్ని సెలవు దినాన, వీలైనంత నిశ్శబ్దమైన గదిలో పెట్టడం మేలు.

ఋణం, వివేకం

విద్యాఋణాల నమూనా పథకంలో సాధారణంగా 4 లక్షల రూపాయల వరకు మార్జిన్ అవసరం లేదు, 7.5 లక్షల వరకు ఆస్తి తనఖా కోరరు. కోర్సు ముగిసిన ఒక సంవత్సరం తరువాత వాయిదాలు మొదలవుతాయి. అయితే ఆ విరామ కాలంలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వీలైన కుటుంబాలు నెలనెలా వడ్డీ మాత్రమైనా చెల్లిస్తే తదుపరి భారం తగ్గుతుంది.

చదువు ముగియగానే సొంత క్లినిక్ తెరవడానికి తొందరపడకండి. రెండు మూడు సంవత్సరాలు ఉద్యోగం చేసి, ఊరిలో వైద్యులతో పరిచయం పెంచుకున్న తరువాత ముద్ర పథకాన్ని ఆశ్రయించండి. 2015లో ప్రారంభమైన ఈ పథకంలో 10 లక్షల వరకు ఋణం లభిస్తుంది. తరుణ్ శ్రేణి ఋణాన్ని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే వీలు 2024లో కల్పించారు. మొదట శబ్ద నిరోధక గది, ఆడియోమీటరు సమకూర్చుకుంటే చాలు. ఖరీదైన ఇతర పరికరాలను రోగుల రాకను బట్టి తరువాత చేర్చవచ్చు. యంత్రాలను ఏటా సరిచూపించే ఖర్చును మాత్రం మొదటి లెక్కలోనే వ్రాసుకోండి.

చివరగా అతి ముఖ్యమైన మాట. క్లినిక్ ఆదాయంలో అధిక భాగం వినికిడి యంత్రాల అమ్మకం నుండే వస్తుంది. ఇక్కడే పరీక్ష చేసే చేయి, అమ్మే చేయి ఒకటవుతాయి. గుమిలి వలన వినబడని రోగికి యంత్రం అంటగట్టిన నిపుణుడు ఆ నెల వాయిదా కట్టగలడు. కాని మరమగ్గాల వాడలో మాట ఒక షెడ్డు నుండి మరొక షెడ్డుకు పాకడానికి ఎంతో కాలం పట్టదు. పరీక్షకు రుసుము వేరుగా నిర్ణయించి, అవసరం లేనివారికి యంత్రం వద్దని చెప్పగలిగితేనే ఆ క్లినిక్ పది కాలాలపాటు నిలుస్తుంది, తీసుకున్న ఋణమూ తీరుతుంది.

మీ బిడ్డ ఈ దారిని ఎంచుకొనదలిస్తే, ప్రవేశ ప్రకటన వెలువడకముందే కళాశాల గుర్తింపు, రుసుము, వసతి ఖర్చు ఒక కాగితంపై వ్రాసుకొని మీ బ్యాంకు శాఖాధికారిని కలవండి. ఈలోగా మీ ఇంట మగ్గం నడిపేవారికి ఒక జత చెవి బిరడాలు కొనిపెట్టండి. వాటి ఖరీదు స్వల్పం. అవి కాపాడే వినికిడిని ఏ ఋణంతోనూ తిరిగి కొనలేము.