గాలి కన్ను

ఇంగ్లీషువారు కిటికీని ‘విండో’ అందురు. ఎలిమెంటరీ పాఠశాల విద్యార్థికిని తెలిసిన మాటయే. కాని దాని పుట్టిల్లు ఇంగ్లాండు కాదు. వేయి యేండ్లకు పూర్వము అచ్చట కాపురముండ వచ్చిన స్కాండినేవియనుల ప్రాచీన నార్స్ భాషలో ‘విండౌగ’ యనగా గాలి కన్ను. మన గవాక్షమందును కన్ను కలదు. అది గోవు కన్ను. డెన్మార్కువారు ఆ ప్రాచీన పదమునే కొంత అరిగిన రూపమున నేటికిని వాడుదురు. స్వీడనువారు జర్మనుల మూలమున వచ్చిన లాటిన్ మాటను చేపట్టిరి. ఐస్‌లాండువారు ‘గ్లుగ్గి’ యందురు.

నేటి రూపమునకు కారణము నాటి భాషలో నున్నది. అందుచేతనే ఉత్తర ఐరోపా విశ్వవిద్యాలయములలో మధ్యయుగ భాషను ఆధునిక భాషలతో జోడించి చదివింతురు. కేంబ్రిడ్జిలో ఆంగ్లో-సాక్సన్, నార్స్, కెల్టిక్ భాషలకు ఒక్కటే శాఖ. అచ్చటి విద్యార్థి వ్యాకరణముతోపాటు చరిత్రను, ప్రాచీనలిపి పరిశీలనమును అభ్యసించును.

ఈ విద్యకు పునాది వేసినవారిలో డెన్మార్కు పండితుడు రాస్మస్ రాస్క్ ముఖ్యుడు. సంస్కృతమున ‘పితృ’, లాటినున ‘పాటెర్’, నార్సున ‘ఫాదిర్’: ఒకచోటి పకారము వేఱొకచోట నియమముగా ఫకారమగునని 1818లో అచ్చయిన వ్యాసమున చూపెను. అంతకు రెండేండ్ల ముందే మద్రాసులో ఎల్లిస్ దొర, కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములకు తోబుట్టువనియు నిరూపించియుండెను.

మూలప్రతులు మిగులనిచో ఇట్టి పరిశోధనకు ఆధారమే లేదు. రాస్క్‌కు శతాబ్దము ముందు కోపెన్‌హాగెను విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆర్ని మాగ్నుస్సోన్ ఐస్‌లాండునందు పుట్టినవాడు. 1702లో రాజాజ్ఞపై భూముల లెక్కలు వ్రాయుటకు స్వదేశమునకు పోయి, పదేండ్లు తిరుగుచు తోలుపత్ర గ్రంథములను సేకరించెను. దుస్తులు కత్తిరించుటకు నమూనాగా కోసిన పుటలు సైతము దొరికెను. 1728 నాటి నగరదహనమున ముద్రిత గ్రంథములు పెక్కు కాలిపోయినను, తోలుపత్రములలో అధికభాగము దక్కెను. 1730లో మరణించుచు వానిని విశ్వవిద్యాలయమునకు ధారపోసెను.

తమ పూర్వగ్రంథములను మూలమున చూడగోరు ఐస్‌లాండు విద్యార్థి కోపెన్‌హాగెనుకు ఓడ యెక్కవలసి వచ్చెడిది. 1911లో వారికి సొంత విశ్వవిద్యాలయ మేర్పడెను. 1944లో దేశము రిపబ్లిక్ అయ్యెను. గ్రంథములు తిరిగి యిండని వారు పట్టుబట్టిరి. డెన్మార్కు పార్లమెంటు చట్టము చేయగా అది కోర్టుల కెక్కినది. తుదకు 1971 ఏప్రిల్ 21న, ఎడ్డా గీతముల ప్రతియు ఫ్లాటేయ్ గ్రంథమును యుద్ధనౌకపై రేక్యావిక్ చేరినవి. రేవున జనసమూహము ఎదురేగినది. తక్కినవాని అప్పగింత 1997 వఱకు సాగెను.

నాడు ఐస్‌లాండు జనసంఖ్య రెండు లక్షలు. అంత చిన్న జాతి అంత పట్టుదల చూపుటకు కారణ మొక్కటే: పదుమూడవ శతాబ్దపు కథలను, వర్ణక్రమము సవరించిన ముద్రణలో, అచ్చటి బడిపిల్లలు నేటికిని చదువగలరు. చదువరాని గ్రంథముకొఱకు ఎవ్వరును రేవున నిలువరు.

నన్నయ భాష నేటి కెందుకని మన విద్యార్థి అడుగుచున్నాడు. అతనిని గద్దింప పనిలేదు. ఒక్క మాట తీసికొని దాని పుట్టుపూర్వోత్తరములు చెప్పిన చాలును. తాళపత్రములను భద్రపఱచుట గ్రంథాలయముల పని. వానిని చదువగల తరమును తీర్చుట తెలుగు చెప్పువారి పని.