బంతాట నేర్పిన బడిపంతులు – మన రహీం సాబ్

ఫుట్‌బాల్ అంటే మగపిల్లల గోల, మనకేం పని అనుకుంటాం. కానీ ఈ కథ వింటే మీరే మీ పిల్లలకు చెప్తారు.

ఇటలీలో కార్లో ఆన్సెలోట్టి అని ఒకాయన ఉన్నారు. ఆటగాడిగా యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు రెండుసార్లు గెలిచి, కోచ్ అయ్యాక అదే కప్పు ఐదుసార్లు గెలిపించారు. ఆడినాయనే నేర్పితే ఎట్లుంటదో మన హైదరాబాద్ ఎప్పుడో చూసింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిలో పంతులుగా పని చేశారు. ఆ పంతులు బుద్ధి కోచ్ అయ్యాక కూడా పోలేదు. కుడికాలు వాటం ఉన్న పిల్లాణ్ణి ఎడమకాలితోనే ఆడమనేవారు. బంతి ఒక్కసారే తాకి పక్కవాడికి ఇచ్చేయాలని పోటీలు పెట్టేవారు. బలం కన్నా బుర్ర ముఖ్యం అన్నమాట. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది.

పేదింటి పిల్లల్ని కూడా వదల్లేదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రోజూ రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకు ఏర్పాటు చేశారట. ఆ బలరామే తర్వాత దేశం మెచ్చిన ఆటగాడయ్యారు.

1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడారు. ఇంకొకరైతే తలవంచుకుని ఇంట్లో కూర్చునేవారు. రహీం సాబ్ ఆటతీరే మార్చారు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో కొట్టి, మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2–0తో ఓడాం. థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి కూర్చోబెట్టకుండా, సెమీఫైనల్లో ముందువరసలో పెట్టారు రహీం సాబ్. అందరూ ముక్కున వేలేసుకున్నారు. పైగా అక్కడి జనమంతా మనవాళ్ల మీద కోపంగా ఉన్నారు, ఎటు చూసినా ఈలలూ అరుపులూ. ఫైనల్ పూట పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మనవాళ్లకు చప్పట్లు కొట్టారట, చూశారా!

ఫైనల్లో మళ్లీ ఆ కొరియానే. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లతో ఉన్న జర్నైల్ ఒక గోలు. 2–1తో బంగారు పతకం మనదే. 1951లో ఢిల్లీలో ఒకటి, ఇది రెండోది. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రానే లేదు.

ఆ సంబరం ఏడాది కూడా నిలవలేదు. 1963 జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక గానీ చాలామందికి ఆయన పేరే తెలియలేదు. ఆటగాడి ఫొటో గోడకు అంటిస్తాం, వాణ్ణి నిలబెట్టినవాడిని మర్చిపోతాం. లోకం తీరే అంత.

మా గట్టు దిక్కు ఇప్పుడు ఎక్కడ చూసినా క్రికెట్టే. ఆట ఏదైనా ఫర్వాలేదు, మంచిగా నేర్పేవాళ్లు ఒక్కరు దొరకాలి. ఆడపిల్లల్ని కూడా ఆపకండి. నిజామాబాద్ జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశం క్లబ్బులో ఆడటానికి వెళ్లింది. సాయంత్రం గంటసేపు పిల్లలు మైదానంలో ఉంటే చదువు పాడైపోదండీ. రహీం సాబ్ కూడా చదువు చెప్పిన మనిషే కదా!